పౌడరు డబ్బాలో ఒలీవల కొండ

పోయిన నెల హైదరాబాద్ నుంచి తిరిగొస్తుంటే ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో తిండి వస్తువులు వాసన పట్టే కుక్క ఒకటి వచ్చి నా బ్యాగు పక్కన కూర్చుంది. ఇక్కడి కుక్కలు అరవవు, కరవవు, ఊరికే కూర్చుంటాయి. అంతే, చుట్టూ ఉన్నవాళ్ళంతా మనల్ని దొంగని చూసినట్టు చూస్తారు. బ్యాగు అడుగున విమానంలో ఇచ్చిన అరటిపండు ఉంది. మర్చిపోయాను. ఆఫీసరు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకుపోతుంటే నాకు భయం వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. ఆంటీ గుర్తొచ్చి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అరటిపండు కోసం ఏడుస్తోందేమిటీవిడ అనుకుని ఉంటాడు పాపం.

ఆంటీ పోయి ఏడాది దాటింది. పేరు రాయను. రాస్తే కలలోకొచ్చి మరీ తిడుతుంది. బాపట్ల దగ్గరి మనిషి. ఆక్లాండ్ శివారు మౌంట్ రాస్కిల్‌లో వాళ్ళింటి వెనక గదిలో నేను స్టూడెంట్‌గా అద్దెకి దిగాను. చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, రెసిడెన్సీ వచ్చింది, ఆ గది మాత్రం వదల్లేదు. వదులుదామని అనుకోలేదని కాదు. ఆవిడతో కాపురం అంత తేలికేం కాదు.

ఎందుకంటే ఆంటీ దగ్గర అబద్ధం చెల్లదు. పెద్ద అబద్ధాల సంగతి అలా ఉంచండి, మనం రోజూ ఊపిరి పీల్చినంత తేలిగ్గా ఆడేవి కూడా చెల్లవు. "పది నిమిషాల్లో వస్తా ఆంటీ" అంటే, "నిజంగా పదా, మాటవరసకి పదా?" అనేది. కూర బావుందంటే, "నిజంగానా, మాటవరసకా?" అలా అడిగేటప్పుడు చూపుడువేలూ బొటనవేలూ కలిపి, గాల్లో చిటికెడు ఉప్పేదో పట్టుకున్నట్టు మన మొహం ముందు పెట్టేది. ఓసారి చర్చి ఫెలోషిప్ వాళ్ళెవరో ఫోన్ చేస్తే, ఆవిడకి వాళ్ళంటే విసుగని తెలిసి, "ఆంటీ స్నానం చేస్తున్నారండీ" అని పెట్టేశాను. ఆంటీ నా వంక ఒక్క చూపు చూసి, వంట మధ్యలో స్టవ్ ఆపేసి, నిజంగానే వెళ్ళి స్నానం చేసొచ్చింది. నా అబద్ధాన్ని అబద్ధం కాకుండా చెయ్యడానికి! తడి జుట్టుతో వచ్చి, "ఇంకోసారి నాచేత ఇలా చేయించకు, చలికాలం" అంది.

అంకుల్ ఉన్నంత కాలం బస్సు నడిపేవారు. ఆయన పోయాక ఆంటీ ఒక్కతే. కూతురు ఊరి అవతలి చివర బోటనీ డౌన్స్‌లో ఉంటుంది, వారానికోసారి వస్తుంది. ఆంటీకి ఉన్న వ్యాపకమల్లా ఆదివారాలు మా తెలుగు ఫెలోషిప్‌లో పిల్లలకి బైబిల్ కథలు చెప్పడం. స్కూలు హాలొకటి అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్ళం. ఇక్కడ పుట్టిన పిల్లలు, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. అయినా ఆంటీ గలిలయ సముద్రం గురించి చెబుతుంటే బాపట్ల బీచ్ దగ్గర కూర్చున్నట్టే వినేవాళ్ళు. ఓ ఆదివారం ఒక చిన్నపిల్ల చెయ్యెత్తి, "ఆంటీ, హావ్ యూ బీన్ దేర్?" అనడిగింది.

"నో," అంది ఆంటీ.

ఆ పిల్ల అడిగి మర్చిపోయింది. ఆంటీ మర్చిపోలేదు. "చూడని ఊళ్ళ గురించి చూసినట్టే చెబుతున్నానేవే ఇన్నేళ్ళ నుంచీ!" అంది ఇంటికొచ్చాక. ఆ తర్వాత సండే స్కూల్‌కి వెళ్ళడం మానేసింది. పాస్టరుగారు వచ్చి బతిమాలినా వెళ్ళలేదు. అంకుల్, ఆవిడ కలిసి వెళ్దామనుకున్న ప్రయాణమది, యెరూషలేముకి. సూట్‌కేసు కూడా కొన్నారు. అది మంచం కింద అలాగే ఉండిపోయింది.

ఇక పక్కింటావిడ. ఆంటీ ఆవిడని దొరసాని అనేది. బాపట్ల వైపు మిషన్ ఆస్పత్రి తెల్లవాళ్ళని చూసి పెరిగింది కదా, తెల్లగా ఉన్న పెద్దావిడ ఎవరైనా దొరసానే. ఈవిడ మాత్రం క్రైస్తవురాలు కాదు, యూదురాలు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు యూరప్ నుంచి ఓడ ఎక్కించి పంపేశారట. పంపినవాళ్ళు, అంటే ఆవిడ అమ్మానాన్నలు, అక్కడే పోయారు. ఎక్కడ పోయారో, ఎక్కడ పాతారో, అసలు పాతారో లేదో కూడా ఆవిడకి తెలీదు.

వాళ్ళిద్దరికీ స్నేహం గొడవతో మొదలైంది. దొరసాని వీధి గుమ్మానికి వేలంత గొట్టం ఒకటి ఉండేది, లోపల వాళ్ళ లేఖనం రాసిన కాగితం పెట్టి. అది వంకరగా కొట్టి ఉంది. ఆంటీకి వంకరగా ఉన్నదేదీ గిట్టదు. నిమ్మకాయలు ఇవ్వడానికి వెళ్ళి, మేకు వదులైందేమోనని, దాన్ని చేత్తో తిప్పి నిటారుగా నిలబెట్టబోయింది. దొరసాని లోపల్నించి కేకేసింది. అది అలాగే వంకరగా ఉండాలట, అది వాళ్ళ ఆచారమట. ఆంటీ అక్కడే నిలబడి, "ఎందుకు?" అంది. నిలువుగా పెట్టాలని కొందరు పెద్దలు, అడ్డంగా పెట్టాలని కొందరు పెద్దలు వాదించుకుని, చివరికి ఏటవాలుగా రాజీ పడ్డారని దొరసాని చెప్పింది. ఆంటీకి ఆ జవాబు తెగ నచ్చేసింది. ఆ రోజు నుంచి ఇద్దరూ రోజూ కలిసేవాళ్ళు. ఈవిడ ఇంగ్లీషు ఈవిడది, ఆవిడ ఇంగ్లీషు ఆవిడది.

కొన్నేళ్ళకి మా ఫెలోషిప్ వాళ్ళు యెరూషలేము యాత్ర పెట్టారు. ఆంటీ పేరిచ్చింది, వెనక్కి తీసుకుంది, మళ్ళీ ఇచ్చింది. కూతురు ఫోన్లో, "మమ్మీ, నీ మోకాళ్ళతో ఆ కొండలెక్కగలవా? పైగా అక్కడెప్పుడూ ఏదో గొడవే" అంటూ ప్రాణం తీసింది. చివరికి ఓ మధ్యాహ్నం ఆంటీ నాతో, "ఆయన లేకుండా నేనెళ్ళి ఏం చేస్తానే. రానని చెప్పెయ్" అంది. సరేనన్నాను. ఆ కబురు చెప్పడానికే పక్కింటికీ వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి మొహం మారిపోయి ఉంది.

"రానని చెప్పేశావా?"

"ఇంకా లేదాంటీ."

"చెప్పకు. వెళ్తున్నాం."

దొరసానికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టర్లు ఇక ఎక్కువ రోజులు లేవన్నారు. యూదుల్ని వేరే దేశంలో పాతిపెట్టేటప్పుడు శవపేటికలో పరిశుద్ధ దేశపు మట్టి చిటికెడు వేస్తారట. "నాకు తెచ్చి వేసేవాళ్ళెవరూ లేరు. నువ్వెలాగూ వెళ్తున్నావు కదా అనుకున్నాను" అందట.

"అమ్మానాన్నలకి సమాధే లేని మనిషే! చిటికెడు మట్టి అడిగింది. తెస్తానని మాటిచ్చేశాను" అంది ఆంటీ, మంచం కింద సూట్‌కేసు లాగుతూ. ఆంటీ మాటంటే ఏమిటో నాకు తెలుసు. మట్టి దొరక్కపోయినా, ఆలస్యమైనా, ఈవిడ నన్ను బతకనివ్వదు. తనని తాను కూడా బతకనివ్వదు. తోడుగా నన్ను వెళ్ళమని కూతురు అడగడంతో నేనూ బయల్దేరాను.

అక్కడ మా గైడ్ మంచివాడే గానీ ఆంటీ చేతిలో నలిగిపోయాడు. ఏ చోటుకి తీసుకెళ్ళినా, "సంప్రదాయం ప్రకారం ఇదే ఆ స్థలం" అనేవాడు. "సంప్రదాయం ప్రకారమా, నిజంగానా?" అనేది ఆంటీ. ఒకే సంఘటనకి రెండు చోట్లు చూపిస్తే మరీ మండిపడేది. మావాళ్ళు కొందరు విసుక్కున్నారు, భక్తికి అడ్డొస్తోందని. కానీ యూదులు ప్రార్థన చేసుకునే పాత గుడి గోడ దగ్గర, ఆడవాళ్ళ వైపు, ప్రార్థన చేసుకున్నవాళ్ళు గోడకి వీపు చూపించకుండా వెనక్కి నడిచిపోతుంటే చూసి ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. తనూ చెంగు తలమీద కప్పుకుని వెనక్కి నడిచింది. వెనకెవరున్నారో చూసుకోకుండా నడిచి ఒక లావుపాటావిడ కాలు తొక్కింది, అది వేరే సంగతి.

ఒలీవల కొండకి శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాం. సూర్యుడు దిగేలోపు అంతా సర్దుకుంటారు అక్కడ, విశ్రాంతిదినం మొదలవుతుంది. ఆలోపు బస్సు హోటల్‌కి చేరాలని డ్రైవరు ముందే గట్టిగా చెప్పాడు. అందరూ ఎక్కాక చూస్తే ఆంటీ లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. కొండవాలంతా సమాధులే. ఎక్కడని వెతకను? అరుచుకుంటూ దిగుతూ ఉంటే ఎవరో ముసలాయన నాకంటే గట్టిగా అరుస్తున్నాడు.

ఆంటీ ఒక సమాధి దగ్గర చతికిలబడి ఉంది. పక్కన ఖాళీ పౌడరు డబ్బా, చెంచా. అక్కడి సమాధుల మీద పువ్వులుండవు. గులకరాళ్ళు ఉంటాయి. మనవాళ్ళు సమాధుల పండుగకి ఏం చేస్తాం? గడ్డి పీకుతాం, కడుగుతాం, సున్నం వేస్తాం, పూలు పెడతాం. మట్టి తీసుకోబోతూ ఆంటీ ఆ సమాధి చూసిందట. అయ్యో, ఎవరూ లేని సమాధి, రాళ్ళు పడి ఉన్నాయి, మట్టి తీసుకునే ముందు కాస్త శుభ్రం చేద్దామనుకుంది. చెంగుతో తుడిచి, రాళ్ళన్నీ పక్కకి తోసేసింది. ముసలాయన ఉగ్రుడై చేతులు ఊపుతున్నాడు. పోలీసుల్ని పిలుస్తాడేమోనని నేను గైడ్‌ని కేకేశాను. పైనుంచి బస్సు హారన్ మోగుతోంది.

గైడ్ పరిగెత్తుకొచ్చి ఆయన మాటలు చెప్పాడు. సమాధి చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక రాయి పెట్టి వెళ్తాడట, నేనొచ్చానని. ఎన్ని రాళ్ళుంటే అంతమంది వచ్చినట్టు.

ఆంటీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎంతమందిని తోసేశానే!" అంది. ఇక చూడాలి. ఒక్కో రాయీ ఏరి, చెంగుతో తుడిచి, మళ్ళీ సమాధి మీద పెట్టడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. "బస్సు వెళ్ళిపోతుంది ఆంటీ, దణ్ణం పెడతా!" అన్నాను. "వెళ్ళనీ" అంది. హారన్ ఆగకుండా మోగుతోంది. ఎండ పసుపుబారుతోంది. ముసలాయన అరుపు ఆపి కాసేపు చూశాడు. ఆ తర్వాత ఆయనా వంగి, గడ్డిలోకి దొర్లిన రాళ్ళు ఏరి ఆవిడకి అందించాడు.

అన్నీ పెట్టాక, అసలెందుకొచ్చావని అడిగించాడు. ఆంటీ చెప్పింది. ఆయన కనుబొమలు ముడిచి, "మీ ఊళ్ళో మావాళ్ళెవరూ లేరా?" అన్నాడట.

"ఉన్నారు. అయినా నన్నడిగింది" అంది ఆంటీ. అందులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆయన మట్టి తీసుకోదగ్గ చోటు చూపించాడు. బస్సులో అందరూ మమ్మల్ని కొరకొర చూశారు. ఆంటీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎవరివంకా చూడలేదు.

తిరుగు ప్రయాణంలో కూతురు ఫోన్ చేసింది. దొరసానికి ఆక్సిజన్ పెట్టారట. అప్పటినుంచి ఆంటీ నిద్రపోలేదు. ఆక్లాండ్ దగ్గరపడుతుంటే, వెంట ఏమేం తెస్తున్నామో రాసిచ్చే కార్డులు ఇచ్చారు. మట్టి ఉందా అని విడిగా అడుగుతారు అందులో.

"ఆంటీ, 'నో' పెట్టండి," అన్నాను గొంతు తగ్గించి. "పౌడరు డబ్బాయేగా. ఎవరు మూత తీస్తారు?"

ఆంటీ నా మొహం ముందు చిటికెడు వేళ్ళు పెట్టింది. 'యెస్' మీద టిక్ పెట్టింది, కాగితం చిరిగిపోయేంత గట్టిగా.

లైన్లో మా వంతొచ్చింది. ఆఫీసరమ్మాయి గ్లవ్స్ వేసుకుని డబ్బా తెరిచి చూసింది. మర్యాదగానే చెప్పింది, మట్టి దేశంలోకి రానివ్వరని, అందులో పురుగులు, రోగాలు ఉంటాయని.

"చచ్చిపోతున్న మనిషికమ్మా," అంది ఆంటీ తన ఇంగ్లీషులో. "చెంచాడు. ఓవెన్‌లో పెట్టి కాల్చి ఇవ్వు. ఉడకబెట్టి ఇవ్వు. నేనిక్కడే కూర్చుంటాను."

ఆ అమ్మాయి వెళ్ళి ఇంకొకరిని అడిగొచ్చింది. శుద్ధి చేయించే పద్ధతి ఉందట గానీ ముందే అనుమతి ఉండాలట, ఇప్పుడు మొదలుపెడితే వారాలు పడుతుందట.

"వారాలు లేవు," అంది ఆంటీ.

"ఐ యామ్ సో సారీ," అంది ఆ అమ్మాయి. నిజంగానే బాధపడింది. ఆంటీ కూడా దాన్ని మాటవరసకా అని అడగలేదు. మట్టి సంచిలోకి వంచి, డబ్బా కడిగి తెచ్చి ఇచ్చారు. నీళ్ళు కారుతున్న ఆ ఖాళీ డబ్బాని ఆంటీ రెండు చేతులతో అందుకుంది.

కారులో నేను ఆగలేకపోయాను. "ఆంటీ, నిజాయితీగా ఉండాల్సిన చోట ఉన్నారు. ఇక దొరసాని సంగతి చూడండి. మన పెరట్లో మట్టి లేదా? ఆవిడకేం తెలుస్తుంది? సంతోషంగా పోతుంది కదా."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే మోటార్‌వే మీదే దిగిపోతా," అంది. అంటూనే డోరు హ్యాండిల్ మీద చెయ్యేసింది.

పక్కింటి ముందు కారాపాక చాలాసేపు దిగలేదు. "ఏం మొహం పెట్టుకుని వెళ్ళనే?" అంది. అంకుల్ పోయినప్పుడు కూడా నేనలా చూడలేదు ఆవిడని.

దొరసాని మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆంటీ వెళ్ళి ఎదురుగా నిలబడింది, హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లలా.

"తెచ్చాను. ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు. నీకిచ్చిన మాట పోయింది," అంది.

దొరసాని దిండు మీంచి కాస్త పైకి లేచింది.

"కుక్క పట్టుకుందా?"

"కాదు. నేనే చెప్పాను."

దొరసాని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి ఆవిడ ఉక్కిరిబిక్కిరైతే ఆంటీ వీపు రాసింది. తేరుకున్నాక, "కూర్చో. విమానం ఎక్కిన దగ్గర్నుంచీ చెప్పు. ఏదీ వదలకు," అంది.

ఆ తర్వాత ఆంటీ రోజూ వెళ్ళింది. దొరసాని అడుగుతూనే ఉండేదట. గోడ రాళ్ళు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా? ఆ కొండ మీద మట్టి ఏ రంగు? సమాధి మీద రాళ్ళు తోసేసిన కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదట. ఆంటీ ఇంటికొచ్చి కుమిలిపోయేది. "నా మనసు కష్టపెట్టకూడదని అలా అడుగుతోందే. లోపల ఎంత బాధ ఉందో!" అనేది. తెలిసినవాళ్ళకల్లా ఫోన్ చేసి, మట్టి తేవడానికి వేరే దారేదైనా ఉందా అని వాకబు చేసింది. అన్నం సయించేది కాదు. ప్రార్థనలో కూడా మట్టి గురించే. దొరసాని ఊపిరి తగ్గుతున్నకొద్దీ ఆంటీ కూడా సగమైపోయింది. నాకు భయం వేసింది, ఈ మాట కోసం ఈవిడకేమైనా అవుతుందేమోనని.

ఓ బుధవారం దొరసాని పోయింది. వాళ్ళలో ఆలస్యం చెయ్యరు, మర్నాడే సమాధి. ఆంటీ తెల్లచీర కట్టుకుంది. పెట్టె మామూలు చెక్కతో చేసింది, పూలు లేవు, దండలు లేవు. కొద్దిమందే వచ్చారు. ఆ సమాధి కార్యక్రమాలన్నీ చూసుకునే వాళ్ళ సంఘంలోని పెద్దావిడ ఒకామె అక్కడ నిలబడి ఉంది. ఆంటీ తిన్నగా ఆమె దగ్గరికి నడిచింది. నేను ఆపేలోపే ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మా, ఆమెకి యెరూషలేము మట్టి పెట్టెలో వెయ్యాలని కోరిక. నేను తెస్తానని తేలేకపోయాను. మీ దగ్గర చిటికెడు ఉంటుందేమో చూడండి. ఇంకా పూడ్చలేదు కదా. మీకు దణ్ణం పెడతాను."

ఆమె అర్థం కానట్టు చూసింది. "వేశాం కదా. ప్రతి ఒక్కరికీ వేస్తాం. అనుమతి తీసుకుని తెప్పించి ఉంచుకుంటాం. మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది."

"ఆ సంగతి ఆవిడకి తెలీదు పాపం," అంది ఆంటీ.

"తెలియకపోవడమేమిటి? ఆ మట్టి పోసే గుడ్డసంచులు ఏళ్ళ తరబడి కుట్టింది ఆవిడే. చేతులు వణకడం మొదలయ్యాకే మానేసింది."

ఆంటీ ఆమె చెయ్యి వదిలేసింది. నా వైపు తిరిగింది. మొహంలో రంగులు మారుతున్నాయి. కోపమో, మరేమిటో నాకు తెలియలేదు.

"నేను వెళ్ళనని చెప్పడానికి పోయిన రోజే కదే అడిగింది!" అంది.

"అవునాంటీ."

"అబద్ధమాడింది. నాతో!"

అప్పటికే ఒక్కొక్కరూ పారతో మట్టి వేసి, పారని పక్కవాళ్ళ చేతికివ్వకుండా మట్టిలోనే గుచ్చి వస్తున్నారు. అది వాళ్ళ పద్ధతి. ఆంటీ వంతొచ్చింది. పార ముట్టుకోలేదు. ఆ మోకాళ్ళతో కిందికి వంగి, మన పద్ధతిలో పిడికెడు మట్టి తీసుకుంది. గోతిలోకి చూస్తూ అందరికీ వినపడేలా తెలుగులోనే మాట్లాడింది.

"దొంగమొహందానా! నన్ను పంపించడానికా?"

అని, మట్టి వేసి, అక్కడే నిలబడి భోరుమని ఏడ్చింది.